పాతబస్తీ యువజనమును వివాహపూర్వ ప్రేమయు

చార్మినారునకు నలువైపుల వ్యాపించిన పాతబస్తీలో ఏ శాదీఖానాలోనైనను నిఖా జరుగునప్పుడు, ఖాజీగారు పెద్దల యెదుట పత్రమును పూరించుటకు ముందుగా, వధువు పక్షమున నియుక్తుడైన వకీలు ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని ఆడువారు కూర్చున్న గదికి బోయి, ఫలానావారి కుమారుడైన ఫలానావానితో, అతడు నీకిచ్చు ఇంత మెహరు ధనమునకు, నీ నిఖా జరిపించుట నీకు సమ్మతమేనా యని ఆ పిల్లను అడుగును. ఆమె యిచ్చు ఉత్తరముపైననే ఆ వివాహము నిలుచును. ఏలయన ఇస్లాము ధర్మశాస్త్రమున వివాహము ఒడంబడిక, ఒడంబడికకు ఇరువురి యంగీకారము ప్రాణము. మన ప్రాంతపు సున్నీలు అత్యధికముగా ననుసరించు హనఫీ సంప్రదాయమున యుక్తవయస్కయు బుద్ధిమతియు నైన స్త్రీ తన వివాహమును తానే కుదుర్చుకొనుటకు కూడ అర్హురాలు. అయినను ఆ ప్రశ్న అడుగు వేళకు బిర్యానీ దేగ్‌లు పొయ్యి దిగియుండును, జోడేకీ రఖమ్ అను కట్నపు సొమ్ము చేతులు మారియుండును, బంధువులు నాలుగు వందలమంది క్రింది హాలులో కూర్చుండియుందురు. పిల్ల తల వంచుకొని మౌనము వహించినచో ఆ మౌనమే సమ్మతిగా గ్రహింపబడును. శాస్త్రము ప్రశ్నను నిర్బంధము చేసినది. ఆచారము ఉత్తరమును ముందే వ్రాసిపెట్టినది.

వివాహమునకు పూర్వము యువతీయువకుల నడుమ నేర్పడు సంబంధములను గూర్చి నేడు పత్రికలలోను, సభలలోను, ఇండ్లలోను సాగుచున్న చర్చ యంతయు ఈ సమ్మతి చుట్టు తిరుగవలసియుండగా, దానిని విడిచి, నవతరము చెడినదా చెడలేదా యను విచికిత్సలో చిక్కుకొనుట నాకు చాలకాలముగా బాధ కలిగించుచున్న విషయము. పెద్దలు గీచిన గీత వివాహితులకును అవివాహితులకును నడుమ నున్నది. ఆ గీతకు లోపల నున్నదంతయు ధర్మము, వెలుపల నున్నదంతయు అధర్మము. నేటి పిల్లలు, తామెరిగియో యెరుగకయో, ఇష్టమునకును బలిమికిని నడుమ మరియొక గీత గీయుచున్నారు. ఈ రెండు గీతలలో ఏది యెవరిని కాపాడునో, ఎవరిని విడుచునో పరిశీలింపవలెనన్నచో పాతబస్తీకి మించిన స్థలము అరుదు. శాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, బార్కస్ మొదలగు ముస్లిము వాడలును, లాల్‌దర్వాజా, గౌలిపురా, అలియాబాదు మొదలగు తెలుగు హిందువుల బస్తీలును ఇచ్చట గోడకు గోడ ఆనుకొని, భాషయు మతమును వేరైనను కన్నెపిల్ల విషయమున మాత్రము ఒకే న్యాయమును పాటించుచు జీవించుచున్నవి. ఒకరు ఇజ్జత్ అందురు, మరియొకరు పరువు అందురు. ఆ బరువును మోయునది ఉభయత్ర ఆడపిల్లయే.

పూర్వకాలమంతయు ఏకరూపమైన నియమముతో నడచినదని తలచుట చరిత్రకు నిలువని మాట. శాతవాహన హాలుని పేర వెలసిన ప్రాకృత గాథాసంకలనమున మన దక్కను పల్లెల యువతులు తమ యనురాగమును దాచుకొనరు. ఎనిమిది విధముల వివాహములను లెక్కించిన ధర్మశాస్త్రకారులు, పరస్పరానురాగము తప్ప మరి యే తంతును లేని గాంధర్వమును ఆ యెనిమిదింటిలో చేర్చిరి. కన్యకు పుట్టిన బిడ్డకు సైతము పన్నెండు విధముల పుత్రులలో ఒక స్థానము కల్పించిరి. నిజాము రాజ్యములోని చెంచులను, ఆదిలాబాదు రాజగోండులను 1940 ప్రాంతమున పరిశోధించిన హైమెండార్ఫు గాని, బస్తరులోని మురియాల యువజన నివాసమైన ఘోటులును గూర్చి 1947లో పెద్ద గ్రంథము వెలువరించిన వెర్రియర్ ఎల్విన్ గాని వర్ణించిన సమాజములలో యౌవనమునకును వివాహమునకును గల సంబంధము నగరవాసులు పాటించుదానికంటె భిన్నము. కావున సంప్రదాయమను పేరున మన మిప్పుడు రక్షింపబూనుచున్నది అనేక సంప్రదాయములలో ఒకటి మాత్రమే. అదియు ఆస్తియు కులమును గల కుటుంబములది.

ఈ నగరము పుట్టుకయే ఒక ప్రేమకథతో ముడివడియున్నది. గోలకొండ యువరాజు మూసీ నదిని దాటి చించలం గ్రామములోని భాగమతిని చూడబోవుచుండెననియు, కుమారుని ప్రాణమునకు వెరచి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా వంతెన కట్టించెననియు, ఆ కుమారుడు రాజై 1591లో నగరమును నిర్మించి ఆమె పేర పిలిచెననియు ప్రజలు నాలుగు శతాబ్దములుగా చెప్పుకొనుచున్నారు. పురానాపూల్ 1578లో నిర్మింపబడినది. అప్పటికి ముహమ్మద్ కులీ వయస్సు పదమూడేండ్లకు మించదు. ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు భాగమతి యను వ్యక్తి యుండెననుటనే శంకించిరి. చరిత్ర యెట్లున్నను, తమ కుమార్తె పొరుగు వీధి పిల్లవానితో ఫోనులో మాటలాడినదని తెలిసి ఆమె చదువు మాన్పించు తండ్రియే, సెలవునాడు చుట్టములకు చార్మినారును చూపుచు, వివాహమునకు ముందు వికసించిన ఆ రాజప్రేమను మురిసిపోయి వినిపించుట నే నెరిగినదే. రాకుమారుని సాహసము కావ్యమగును. కూతురి సాహసము కళంకమగును.

కథను విడిచి చరిత్రలోనికే వత్తము. 1798లో హైదరాబాదునకు బ్రిటిషు రెసిడెంటుగా నియుక్తుడైన జేమ్స్ ఆకిలీస్ కిర్క్‌పాట్రిక్కును, పేరుగాంచిన సయ్యదు కుటుంబమునకు చెందిన ఖైరున్నిసాయు పరస్పరము వరించుకొనిరి. ఆమెకు అప్పటికే పెద్దలు మరియొక సంబంధము నిశ్చయించియుండిరి. అది తనకు సమ్మతము గాదని ఆ బాలిక తెగించి నిలిచినది. నిఖా జరుగకముందే గర్భవతి యైనది. ఈ వృత్తాంతముపై కంపెనీ ప్రభుత్వము విచారణ జరిపించెను. నగరమంతట గగ్గోలు పుట్టెను. తుదకు అతడు ఇస్లాము స్వీకరించి ఆమెను వివాహమాడెను. 1805లో అతడు కలకత్తాలో మరణించినాడు. అంతకు కొలది కాలము ముందే పిల్లలిద్దరు ఇంగ్లండునకు పంపబడిరి. తల్లి వారిని మరల చూడలేదు. విలియం డాల్రింపిల్ 2002లో వెలువరించిన గ్రంథము ఈ కథను లోకమునకు తెలిపినది. ఆమె కొరకు రంగమహల్ వెలసిన ఆ కోఠి రెసిడెన్సీ ప్రాంగణములో 1949 నుండి మహిళా కళాశాల నడచుచున్నది, నేడది విశ్వవిద్యాలయము. పాతబస్తీ నుండి నల్లని బురఖాలు ధరించి పుస్తకములతో బస్సు దిగి ఆ ద్వారమున ప్రవేశించు బాలికలలో ఆ కథ నెరిగినవారు కొందరైన నుందురు. ఖైరున్నిసా సాహసమునకు చెల్లించిన మూల్యము అపారము. అయినను ఆమె చరిత్ర ఒకటి స్పష్టముగా చెప్పుచున్నది: తన వరుని తానెన్నుకొనవలెనను కోరిక పాశ్చాత్య విద్యవలననో, చలనచిత్రముల వలననో, చరవాణి వలననో నేడు క్రొత్తగా పుట్టినది కాదు.

పురుషునకు ఈ నియమము లెన్నడును వర్తింపలేదు. దేవిడీల గోడలలోపల దాసీజనముపట్ల నవాబుల ప్రవర్తన యెట్టిదో, ఉస్మానియాలో చదివిన ఉర్దూ కథారచయిత్రి వాజిదా తబస్సుమ్ నిర్భయముగా వ్రాసి, అపవాదములకు గురియైనది. ఆమె ‘ఉత్రన్’ కథలో నవాబు కూతురు విడిచిన బట్టలు కట్టుకొని పెరిగిన దాసీ కూతురు ఆ నవాబు కూతురి పెండ్లినాటికి తీర్చుకొన్న పగ చదువరులను కలవరపెట్టినది. నవాబుల కాలమువరకు పోనక్కరలేదు. నగరము నడిబొడ్డున మెహబూబ్ కీ మెహందీ యను వాడ దశాబ్దముల తరబడి పురుషుల విహారస్థానమై యుండి, 1990ల మధ్యలో ఖాళీ చేయింపబడగా, నిర్వాసితలైన స్త్రీల పిల్లల కొరకు 1996లో సునీతా కృష్ణన్ ప్రారంభించిన పాఠశాలయే తరువాత ప్రజ్వల సంస్థగా పెరిగినది. ఆ వాడకు పోయివచ్చిన యువకులకు పిల్లనిచ్చుటకు ఏ కుటుంబమును వెనుదీయలేదు. ముల్లు వచ్చి ఆకుమీద పడినను, ఆకు వచ్చి ముల్లుమీద పడినను ఆకునకే చేటని మన తల్లులు కూతుళ్లకు బోధించిరే గాని, ముల్లును విరువవలెనని కొడుకులకు బోధించినవా రెందరు?

మతగ్రంథము ఈ పక్షపాతమునకు ప్రమాణము గాజాలదు. ఖురాను ఇరువది నాల్గవ అధ్యాయము వివాహేతర సంగమమునకు విధించిన శిక్ష స్త్రీపురుషు లిరువురికి సమానము. అంతేకాదు, శీలవతి యగు స్త్రీపై నింద మోపి నలుగురు సాక్షులను చూపలేనివానికి ఎనుబది కొరడాదెబ్బలు విధించి, వాని సాక్ష్యమును ఇకపై స్వీకరింపరాదని శాసించినది. సాక్షులు లేని పుకారునకే పిల్ల బ్రతుకును బలియిచ్చు వీధి న్యాయమునకును ఈ శాసనమునకును గల దూరము ఎంతటిదో విజ్ఞులు ఊహింతురు గాక.

ఇంతకును ఈ ప్రశ్న నేడింత తీవ్రముగా తలయెత్తుటకు మూలకారణము వేరొకటి కలదు. బాల్యవివాహముల కాలమున వివాహపూర్వ యౌవనమన్నదే ఆడపిల్లకు లేదు. రజస్వల కాకముందే, లేక అయిన వెంటనే, ఆమె పరగృహమునకు పంపబడుచుండెను. బ్రిటిషు ఇండియాలో 1860 నాటి శిక్షాస్మృతి పదియేండ్ల బాలికను సమ్మతి నొసగుటకు అర్హురాలినిగా తలచినది. 1891లో ఆ వయస్సును పన్నెండునకు పెంచబూనినపుడు మతము నశించిపోవుచున్నదని దేశమంతట ఆక్రోశము చెలరేగినది. 1929 నాటి శారదా చట్టము బాలిక వివాహమునకు పదునాలుగేండ్లను, 1978 సవరణ పదునెనిమిదేండ్లను నిర్ణయించినవి. తెలుగునాట 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున జరిపించిన తొలి వితంతు వివాహమును, గురజాడవారి ‘కన్యాశుల్కము’ను ఈ బాల్యవివాహ వ్యవస్థ గర్భమునుండియే పుట్టినవి. ఆ వ్యవస్థ క్రమక్రమముగా సడలినకొలది, యౌవనోదయమునకును పెండ్లికిని నడుమ ఐదు, ఎనిమిది, పదేండ్ల వ్యవధి మొదటిసారిగా ఆడపిల్లకు లభించినది. ఆ వ్యవధిలో ఆమె బడికి బోవును, కొలువు చేయును, నలుగురిని చూచును, ఒకనిని మెచ్చుకొనును. ఆమెకు ఆ యేండ్ల నిచ్చి, ఆ యేండ్లలో హృదయము మాత్రము కలుగరాదనుట ప్రకృతివిరుద్ధము.

ఆ వ్యవధి ఇంకను అందరికి అందలేదన్నది మరువరాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సుగల స్త్రీలలో పదునెనిమిది నిండకముందే పెండ్లియైనవారు తెలంగాణలో నూటికి 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. రాష్ట్రప్రభుత్వము 2014 అక్టోబరు 2న ప్రారంభించిన కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకములు, మొదట 51,000 రూపాయలతో ఆరంభమై 2018 నాటికి 1,00,116 రూపాయలకు పెరిగి, వధువునకు పదునెనిమిది నిండియుండవలెనను నిబంధనతో పేదయింటి పెండ్లిని కొంతకాలము ఆపగలిగినవి. 2016లో 71 పాఠశాలలతో మొదలై మరుసటి యేటికే 204కు పెరిగిన మైనారిటీ గురుకులములు పాతబస్తీ బాలికలకు ఇల్లు దాటి చదువుకొను అవకాశము నొసగినవి. లాడ్‌బజారు గాజుల పనిలో వ్రేళ్లు కాల్చుకొన్న తల్లి కూతురు నేడు హుస్సేనీ ఆలం మహిళా కళాశాలలో డిగ్రీ చదువుచున్నది, లేదా దుకాణపు లెక్కలు వ్రాయుచున్నది. ఆమె చేతి సంచిలో ఫోనున్నది. గదికి ఆరుగురు నిదురించు ఇంటిలో, ఆమెకు తనదన్న స్థలము ఏదైన నున్నచో అది ఆ అరచేతి యద్దమే.

ఈ యువజనుల ఆచరణ యెట్టిది? దీనిపై మనకు లభించిన విశ్వసనీయమైన ఆధారములు కొలదియే. 2006–07లో ముంబాయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థయు, పాపులేషన్ కౌన్సిలును కలసి ఆరు రాష్ట్రములలో, అందులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, యాభైవేలకు పైబడిన యువతీయువకులను ప్రశ్నించినవి. ముఖాముఖి అడిగిన ప్రశ్నకు నిజము చెప్పలేనివారు కాగితముపై గురుతు పెట్టి కవరు నంటించి యిచ్చు పద్ధతిని కూడ ఆ పరిశోధకులు అవలంబించిరి. వివాహమునకు ముందు శారీరక సంబంధమును అంగీకరించినవారు పురుషులలో సుమారు నూటికి పదునైదుగురు, స్త్రీలలో సుమారు నలుగురు. ఈ వ్యత్యాసమునకు కారణములు రెండు: పురుషుల సంబంధములలో కొన్ని వయస్సులో తమకంటె పెద్దలైన స్త్రీలతోను, వేశ్యలతోను నెరపినవగుట ఒకటి, కవరు నంటించిన పిదప సైతము భయము వీడని స్త్రీ మౌనము రెండవది. కవరులోపల కూడ పలుకలేని మౌనము ఈ దేశపు స్త్రీచరిత్రలో ఒక అధ్యాయము. సంఖ్యలు పెరిగినవా తరిగినవా యను వివాదము కన్న ఈ మౌనము యొక్క గాఢత నాకు ముఖ్యముగా తోచును.

దృష్టి మారినదనుటకు మాత్రము సంఖ్యలు అక్కరలేదు. ఒక తరము క్రిందట పాతబస్తీలో ‘లేచిపోయినది’ అనిన మాట ఉచ్చరించిన పిదప ఆ యింటి పేరు మరి వినబడెడిది కాదు. నేడు కళాశాల బాలికలు ‘దోస్తు’ అను మాటను తల్లి యెదుట పలుకగలుగుచున్నారు. పెండ్లి కుదిరిన పిమ్మట వధూవరులు గంటల తరబడి ఫోనులో మాటలాడుకొనుటను, నాయనమ్మలు గొణుగుకొన్నను, తల్లిదండ్రులు సహించుచున్నారు. సంబంధములు తెచ్చు ముషాతా చేతిలో ఫోటోల సంచికి మారుగా వాట్సాపు వచ్చినది, దానితోబాటు పిల్ల స్వయముగా వరుని పలుకరించి చూచు అవకాశమును వచ్చినది. తెలుగు బస్తీలలో మేనరికము వద్దని ఎదురు చెప్పు పిల్ల ఇప్పుడు వింత గాదు. శారీరక సంబంధమును గూర్చి బహిరంగముగా సమర్థించువారు ఇచ్చట మిక్కిలి అరుదు. అది తప్పేయని చెప్పుచునే, ‘పెండ్లి చేసుకొనువాడైనచో’ అను ఒక్క షరతును వారు చేర్చుదురు. ఈ షరతులోనే పాతబస్తీ యువతి యొక్క నీతిశాస్త్రమంతయు ఇమిడియున్నది. ఆమె వివాహమును తిరస్కరించుట లేదు. తన యిష్టము ముందు నడువగా వివాహము దాని ననుసరింపవలెనని కోరుచున్నది.

ఆ షరతులోనే ఆమెకు ప్రమాదమును పొంచియున్నది. వాగ్దానము చేసినవాడు మాట తప్పినచో ఆమె కేది దిక్కు? పెండ్లియాడెదనని నమ్మించి, గర్భమైన పిమ్మట పంచాయతీ యెదుట మాట యిచ్చి మరల తప్పిన ఆంధ్రప్రదేశ్ యువకుని శిక్షను 2006లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. మొదటినుండి మోసపు తలంపుతోనే చేసిన వాగ్దానమును, నిజముగా తలచి పిదప నిలుపుకొనలేకపోయిన వాగ్దానమును వేరుచేసి చూడవలెనని ఆ న్యాయస్థానమే అనేక తీర్పులలో చెప్పినది. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత అరువది తొమ్మిదవ విభాగము దీనిని ప్రత్యేకాపరాధముగా చేసి పదేండ్లవరకు శిక్ష విధించినది. మోసపోయిన యువతికి ఇది కొంత ఆసరా యగునేమో గాని, ఆమె యిచ్చిన సమ్మతిని పెండ్లి యను మూల్యమునకు అమ్మిన వస్తువుగా భావించు దృష్టిని ఈ చట్టము స్థిరపరచుచున్నదని నా శంక.

ఇక పాతబస్తీ చరిత్రలో మిక్కిలి చేదైన ప్రకరణమునకు వత్తము. 1970ల చమురు సంపద గల్ఫు ద్వారములను తెరచిన పిదప, అచ్చటికి పోయిన కొడుకులు పంపిన ధనముతో కొన్ని యిండ్లు లేవగా, అచ్చటినుండి వచ్చిన వృద్ధ వరులతో కొందరు కూతుళ్ల బ్రతుకులు కూలినవి. 1982లో సాగర్ సర్హదీ తీసిన ‘బజార్’ చిత్రము ఈ బేరమును హైదరాబాదు నేపథ్యముననే చూపినది. 1991లో అరువదేండ్ల అరబ్బు దేశస్థుని వెంట విమానములో ఏడ్చుచు కూర్చున్న పదేండ్ల హైదరాబాదు బాలికను ఒక విమాన పరిచారిక గుర్తించి కాపాడగా దేశము నివ్వెరపోయినది. నివ్వెరపాటు చల్లారినది, బేరము చల్లారలేదు. 2017 సెప్టెంబరులో నగర పోలీసులు ఒమాన్, ఖతార్ దేశస్థులైన వరులను, దళారులను, లాడ్జీవారిని, ఖాజీలను పట్టుకొనిరి; కొన్నాళ్ల కాపురము ముగియగనే విడిచిపోవుటకు వీలుగా విడాకుల పత్రములపై ముందే సంతకములు సిద్ధపరచు పద్ధతి ఆ సందర్భమున వెల్లడియైనది.

ఈ వివాహములలో ఖాజీ యుండెను, సాక్షులుండిరి, మెహరుండెను, పత్రముండెను. పెద్దలు గీచిన గీత ప్రకారము అవి ధర్మము లోపలివి. అదే వీధికి చెందిన పందొమ్మిదేండ్ల యువతి తోడి విద్యార్థితో ట్యాంక్‌బండుపై నడచినచో అది ధర్మమునకు వెలుపలిది. మొదటిదానిలో బాలిక శరీరము ఆమె యెరుగని వృద్ధునకు నెలకొరకు అప్పగింపబడినది. రెండవదానిలో ఎవరును ఎవరిని బలవంతము చేయలేదు. ఏ గీత మనుష్యత్వమును కాపాడుచున్నదో ఇక్కడ స్పష్టము. వివాహమను ముద్ర పడినంతమాత్రమున కామము పవిత్రమగునని నమ్మిన సమాజము, ఆ ముద్రను డబ్బుతో కొనుటకు వచ్చినవానిని ఆపలేకపోయినది. ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ పాతబస్తీలో నెలకొల్పిన షాహీన్ సంస్థ మొదలగునవి ఈ పిల్లలను, గృహహింసకు గురియైన స్త్రీలను చేరదీసి, సంవత్సరముల తరబడి ఇల్లిల్లు తిరిగి చేసిన పని, ఏ చట్టముకన్నను లోతుగా తల్లుల మనస్సులను మార్చినదని నేను తలచుచున్నాను.

ఇష్టపడి పెండ్లాడినవారిపై జరిగిన హింసను గూర్చి చెప్పవలసినది కొలదిమాటలే, అది అందరెరిగినదే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి వాకిట గర్భవతియైన భార్య యెదుటనే ఒక దళిత యువకుడు నరకబడినాడు. 2022 మే నెలలో సరూర్‌నగర్ వీధిలో ముస్లిము యువతిని వివాహమాడిన హిందూ యువకుడు ఆమె సోదరునిచేత హతుడైనాడు; అదే మాసమున పాతనగరపు అంచున నున్న బేగంబజారులో మరియొక యువకుడు, ప్రేమించి పెండ్లాడిన నేరమునకు, భార్య బంధువులచేత చంపబడినాడు; ఆ దంపతులిరువురు హిందువులే. వీరందరు వివాహితులని గమనింపవలెను. అనగా పెద్దలు కోపగించినది వివాహపూర్వ సంబంధముపైన గాదు. తమ నడుగకుండ తమ పిల్ల తన యిష్టమును నెరవేర్చుకొన్నందున. 2019 ఫిబ్రవరి 14న నగర శివారులోని ఉద్యానవనమున కనబడిన ఒక జంటకు, తమకు తామే నీతి కాపలాదారులైన కొందరు బలవంతముగా తాళి కట్టించిరి. బురఖాతో పరమతస్థుని బండి యెక్కిన యువతులను పాతబస్తీ వీధులలో అడ్డగించి వీడియోలు తీసినవారు మరికొందరు. రెండు మతముల కాపలాదారులును పరస్పర ద్వేషులైనను, ఆడుదాని యిష్టమును కాలరాచుటలో సోదరులు.

న్యాయస్థానములు ఈ విషయమున సమాజముకన్న ముందు నడచినవి. ‘కలియుగ పాండవులు’తో తెలుగువారికి పరిచితయైన నటి ఖుష్బూ, 2005లో ఒక పత్రికతో మాటలాడుచు, చదువుకొన్న యువకుడెవ్వడును వధువు కన్యయై యుండవలెనని నేడు ఆశింపడనియు, సంబంధము నెరపువారు గర్భము, రోగములు కలుగకుండ జాగ్రత్తపడవలెననియు అర్థము వచ్చునట్లు చెప్పినందులకు తమిళనాట ఆమెపై ఇరువదికి పైగా ఫిర్యాదులు దాఖలైనవి. 2010 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు వానినన్నిటిని కొట్టివేసి, వయోజనులు ఇచ్ఛాపూర్వకముగా నెరపు సంబంధము కొందరి నీతికి విరుద్ధమగునేమో గాని నేరము కాదని స్పష్టపరచెను. 1971 గర్భవిచ్ఛేద చట్టములో ‘భర్త’ యున్నచోట 2021 సవరణ ‘భాగస్వామి’ని నిలిపినది, 2022 సెప్టెంబరు 29న అవివాహిత స్త్రీకిని వివాహితతో సమానముగా ఇరువదినాలుగు వారములవరకు ఆ చట్టపు రక్షణ కలదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పు వచ్చిన పిదపను, ‘భర్త యేడీ?’ యను ప్రశ్నకు వెరచి మందుల దుకాణములో మాత్రలు కొని ప్రాణము మీదికి తెచ్చుకొను పిల్ల కథ పాతబస్తీలో ప్రసూతి వైద్యులందరకు తెలిసినదే.

తల్లిదండ్రుల భయమును తేలికగా త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. ఒంటిగది యింటిలో, దినకూలితో, ముగ్గురు కూతుళ్లను పెంచుచున్న తల్లికి, పెద్దదానిపై పడిన ఒక్క పుకారు మిగిలిన ఇద్దరికి రావలసిన పైగాములను, అనగా పెండ్లి సంబంధములను, ఆపివేయునని తెలియును. ఆమె భయము అనుభవజన్యము. ఆమెను మూఢురాలనుట అవివేకము. ఆమె కూతురి పేరును సంతలో పెట్టిన వీధిని ప్రశ్నించుట వివేకము. అట్లే, నియమమును తమ ఇష్టముతోనే స్వీకరించిన యువతులును అనేకులు కలరు. బాలికల మదర్సాలలోను, ఇండ్ల యందు జరుగు ఖురాను తరగతులలోను చదువుచున్నవారు, పెండ్లివరకు ఎవ్వరితోను చనువు వలదని తమకు తామే నిశ్చయించుకొని, అదే గ్రంథము ఆధారముగా తల్లిదండ్రులను ‘నన్నడుగకుండ నా నిఖా చెల్లదు’ అని నిలదీయగలుగుచున్నారు. బాల్యమున పెద్దలు చేసిన వివాహమును యుక్తవయస్సున తిరస్కరించు హక్కును 1939 నాటి ముస్లిము వివాహ విచ్ఛేద చట్టము, కాపురమునకు పోకముందు పదునెనిమిదేండ్ల లోపల, గుర్తించినదని వారికి తెలిసినచో వారి వాదము మరింత బలపడును. సంయమమును తానే యెన్నుకొన్న పిల్లయు, ప్రేమను తానే యెన్నుకొన్న పిల్లయు నా దృష్టిలో ఒకే పక్షమువారు.

లోకగతి యొకే దిక్కున సాగుట లేదు. పాతబస్తీ యువకులు వేలాదిగా కొలువుచేయు అరబ్ ఎమిరేట్సు 2020 నవంబరులో అవివాహితుల సహజీవనమును నేరముల జాబితా నుండి తొలగించుటకు పూనుకొనగా, 2022 డిసెంబరులో ఇండొనీసియా పార్లమెంటు వివాహేతర సంగమమును, భార్యాభర్తలో తల్లిదండ్రులో పిల్లలో ఫిర్యాదు చేసినచో శిక్షార్హము చేసినది. మన దేశముననే ఉత్తరాఖండ్ సహజీవనమును ప్రభుత్వపు రిజిస్టరులో నమోదు చేయవలెనని శాసించినది. తెలుగు సాహిత్యమున చలము ‘మైదానము’ 1920ల చివరనే, భర్తను విడిచి ముస్లిము యువకునితో వెడలిపోయిన బ్రాహ్మణ యువతి కథతో కలకలము రేపియుండగా, శతాబ్దము గడచిన పిమ్మటను అట్టి జంటకు అద్దెకు గది యిచ్చు ఇల్లు శాలిబండలో గాని చిక్కడపల్లిలో గాని దొరకుట కష్టమే.

మిగిలియున్న సమస్యలలో మిక్కిలి చిక్కైనది పదునారు, పదునేడేండ్ల వారిది. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్ల లోపలి సమ్మతిని సమ్మతిగానే గుర్తింపదు. బలవంతపు పెండ్లిండ్లకును, వృద్ధుల బేరములకును ఇది పెట్టనికోట; ఆ కారణమున దీనిని సడలింపరాదన్నవారి వాదమును నేను గౌరవింతును. అయితే, పెద్దలు వేరొక సంబంధము చూచుచున్నారని తెలిసి తన యీడువానితో వెడలిపోయిన పదునేడేండ్ల పిల్ల యింటివారు అదే చట్టమును ఆశ్రయించి, పిల్లవానిని కారాగారమునకును, పిల్లను వసతిగృహమునకును పంపించుట నిత్యము జరుగుచున్నది. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాలు రాష్ట్రములలో 2016–20 నడుమ వెలువడిన ఏడువేలకు పైగా పోక్సో తీర్పులను పరిశీలించిన ఎన్‌ఫోల్డ్ సంస్థ, దాదాపు నాల్గవ వంతు ఇట్టి ప్రణయముల కేసులేయని కనుగొన్నది. న్యాయసంఘము 2023 సెప్టెంబరులో సమర్పించిన 283వ నివేదికలో సమ్మతి వయస్సును తగ్గింపవలదని చెప్పుచునే, పదునారు దాటినవారి విషయమున శిక్ష విధించుటలో న్యాయమూర్తికి వివేచనాధికారము నొసగవలెనని సూచించినది. ఇరువురి వయస్సులలో రెండు మూడేండ్లకు మించిన తేడా లేనప్పుడు విచారణనే వేరు త్రోవన నడుపుట దానికంటె న్యాయమని నా యభిప్రాయము. అరువదేండ్ల వరుని కొరకు వ్రాసిన శిక్ష పందొమ్మిదేండ్ల ప్రియునకు పడరాదు.

చట్టము మారుటకు ముందే చేయదగిన పని యొకటి కలదు. 2007లో పాఠశాలలలో లైంగిక విద్యను ప్రవేశపెట్టబూనినపుడు అనేక రాష్ట్రములు దానిని నిషేధించినవి. తెలుగునాట ఒక తరమంతయు డాక్టరు సమరముగారు వారపత్రికల ప్రశ్నోత్తరములలో చెప్పిన దానితోనే తృప్తిపడినది. నేటి తరము ఫోనులోని నీచమైన బొమ్మలనుండి నేర్చుకొనుచున్నది. శరీరధర్మములను, గర్భనిరోధమును, చట్టమును, అన్నిటికంటె ముఖ్యముగా కాదని చెప్పు హక్కును, కాదన్నమాట విని ఆగిపోవలసిన బాధ్యతను బాలబాలికల కిరువురకు ఉర్దూలోను తెలుగులోను స్పష్టముగా బోధించు పాఠము, ఆ 204 గురుకులములలోను, లాల్‌దర్వాజా ప్రభుత్వ పాఠశాలలలోను, ఎనిమిది తొమ్మిది తరగతులలోనే ప్రారంభము కావలెను. పదవ తరగతి పిమ్మట చదువు మాన్పించి పైగాముల కొరకు ఇంటిలో కూర్చుండబెట్టిన పిల్లకు ఆ పాఠము చెప్పువారు మరెవ్వరును లేరు.